ఎలుగోడికి పిట్ట ముట్టిన రోజు

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక నన్ను చదువుకున్నవాళ్ల లెక్కలో వేయకండి. అమెరికాలో నిక్షేపంగా బతికుండి, పూటకో కోడిని నములుతున్న ఓ తాటిచెట్టంత మనిషికి భూపాలపల్లి జిల్లా ఘనపురంలో, మా ఇంటి దాబా మీద, నేను దగ్గరుండి కర్మ జరిపించాను. గారెలతో సహా. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. ఇప్పుడు జనగామలో నేను సోషల్ చెప్పే బడిలో పిల్లలకు మాత్రం తెలియదు. మీరు నోరు జారకండి, మీకు పుణ్యముంటుంది.

అప్పుడు నేను మానుకోటలో డిగ్రీ చదువుతున్నాను. మహబూబాబాదును మేము మానుకోట అనే అంటాం. చదువుతున్నాను అంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి రైళ్లు చూస్తున్నానని అర్థం. కళ్లు తెరుచుకుని కలలు కనే జబ్బు నాది. లెక్చరరు పాత యుద్ధాల గురించి చెబుతుంటే నేను ఎవరిదో ఏనుగెక్కి, అడవి దారిన పోయి, గంగారంలో దిగి చాయ్ తాగి, మళ్లీ ఏనుగెక్కేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి క్లాసులో ఎవరూ ఉండేవారు కాదు.

సెలవులకు ఇంటికొస్తే అంతా అవ్వ రాజ్యం. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి, నర్సవ్వ. ఒంట్లో షుగరు ఉన్నా నోట్లో మాత్రం అది లేశమైనా లేని మనిషి. ఆమెకు టీవీ సీరియళ్లు గిట్టవు. "అత్తలు ఇసం కలుపుడు, కోడండ్లు ఏడ్సుడు. గదేం జూస్తరే, పని లేక!" అని అమ్మను కసిరేది. ఆమెకు కావలసింది కుస్తీ. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక టీవీలో వచ్చే అమెరికా కుస్తీ. చెడ్డీలేసుకున్న కొండలు ఒకదాని మీద ఒకటి విరుచుకుపడుతుంటే మా అవ్వ ముఖం వెలిగిపోయేది.

ఆ కుస్తీలో ఇద్దరు మొనగాళ్లు. వాళ్ల అసలు పేర్లు ఇంగ్లీషులో ఇంత పొడుగుంటాయి, మా వాడలో ఎవరి నోరూ తిరగదు. ఒకడికి ఒళ్లంతా వెంట్రుకలు. రింగులోకి వచ్చేముందు సీసా ఎత్తి గటగటా తేనె తాగి రొమ్ము చరుచుకునేవాడు. అవ్వ అతనికి ఎలుగోడు అని పేరు పెట్టుకుంది. పేరు పెట్టి ఊరుకోలేదు, కడుపున పుట్టని కొడుకనుకుంది. రెండోవాడు ముఖానికి ముసుగు వేసుకుని, బంగారు అంచు కోటు తొడుక్కుని, ఇత్తడి గంట వాయించుకుంటూ వచ్చేవాడు. అవ్వకు వాడు గంటోడు. యాకూబ్ చిచ్చాకు మాత్రం గంటా సాబ్.

యాకూబ్ చిచ్చా మా పక్కింటి టైలరు. ఆదివారం మిషను మీద గుడ్డ కప్పి, మెడలో టేపు తీయడం మరిచిపోయి, మా ఇంటికొచ్చి గడప పక్కన చతికిలబడేవాడు. అవ్వ మంచం మీద, చిచ్చా కింద, నేను గోడకు ఆనుకుని సగం నిద్రలో. బయట ఎండ మండిపోతుండేది. లోపల ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరుగుతుండేది. టీవీలో జనం అరుపులు ఎక్కడో దూరంగా చెరువు నిండి మత్తడి దూకుతున్నట్టు వినిపించేవి. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు బరువెక్కుతాయి.

టీవీలో కుస్తీ అయిపోయాక మా ఇంట్లో మొదలయ్యేది. ఇద్దరిలో ఎవడు పెద్దోడు?

"బెల్టులు లెక్కవెట్టు అక్కా," అనేవాడు చిచ్చా. "గంటా సాబ్ కాడ ఎన్నున్నయి, మీ ఎలుగోని కాడ ఎన్నున్నయి? మూతి మీద మీసం మొలిచినప్పటి సంది గెలుస్తనే ఉన్నడు మావోడు."

"బెల్టులేందిరా, బెల్టులు! సంతల పోతే కుప్పలు వోసి అమ్ముతరు. మా ఎలుగోడు ఎన్నడన్న ఎన్కకెల్లి కొట్టిండా? కిందవడ్డోన్ని లేపి, నిలవెట్టి, అప్పుడు కొడ్తడు. నీ గంటోడు ఎన్కకెల్లి వచ్చి గంటతోని నెత్తి పలగ్గొడ్తడు. దొంగసచ్చినోడు."

"గది తెలివి అక్కా, తెలివి! ఆ కోటు జూడు జర. భుజం కాడ జరీ ఎంత సక్కగ గూసున్నదో! కుట్టినోని చేతులకు సలాం. మీవోనికి చెడ్డీ కుట్టు ఊడి ఎన్నేండ్లాయె? చెడ్డీ కుట్టించుకోనోడు పెద్దోడెట్లయితడు?"

"తల్లి రింగులకొస్తే కాళ్ల మీద వడి ఏడ్సిండు నా కొడుకు. నీ గంటోనికి తల్లున్నదా? ఉంటే మూతికి గుడ్డ గట్టుకొని ఎందుకు తిరుగుతడు?"

ఒకరికి బెల్టులు, కోటు. మరొకరికి నీతి, తల్లి. ఏళ్ల తరబడి ఇదే తూకం. ఎటూ తేలక చివరికి ఇద్దరూ నా వైపు తిరిగేవారు. "ఇంగ్లీషు సదివినోనివి, నువ్వు జెప్పురా. వాళ్లేమంటున్నరు?"

నేను గొంతు సవరించుకుని, ఆ ఇంగ్లీషు వ్యాఖ్యానం అంతా అర్థమైనట్టు ముఖం పెట్టి, నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. వాళ్లు నమ్మేవారు. ఇంకా ఘోరం ఏమిటంటే, నేనూ నమ్మేవాణ్ణి.

ఆ ఏడు మిరపకాయలు ఎండబోసే రోజుల్లో కాటారంలో మా అక్కకు నెలలు నిండాయి. అమ్మ, బాపు అక్కడికి బయలుదేరారు. బస్సెక్కే ముందు అమ్మ నా చెవి పట్టుకుని చెప్పింది.

"అవ్వ యాల్లకు తినాలె. తిన్నంక గోలీ ఎయ్యాలె. తినకుంట ఉన్నదనుకో, ఉన్నకాడనే కూలవడ్తది. డాక్టర్ సారు జెప్పంగ నువ్వు గూడ ఇన్నవు. పగటికలలు గనుకుంట కూసోకు బిడ్డా."

"అన్నం పెట్టుడు, గోలీ ఇచ్చుడు. గింతే గద అమ్మా!" అన్నాను ధీమాగా. ఇంతకన్నా తేలిక పని దేశంలో ఏ డిగ్రీ విద్యార్థికీ దొరికి ఉండదు.

వాళ్లు వెళ్లిన మరునాడే ఆదివారం. ఆ రోజు ఎలుగోడికీ గంటోడికీ ఆఖరి పందెం. ఓడినవాణ్ణి శవపెట్టెలో పడుకోబెట్టి, మూతకు మేకులు కొట్టి, గోతిలో దించి మట్టి పోస్తారట. ఇలాంటివి వాళ్లు ఉత్తుత్తిగా ఆడతారని మీకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.

చాలాసేపు కొట్టుకున్నారు. ఎలుగోడు గెలిచేలాగే ఉన్నాడు. కింద పడ్డ గంటోణ్ణి అలవాటు ప్రకారం లేపి నిలబెట్టబోయాడు. ఆ వంగిన నెత్తిమీద గంట పడింది. టంగ్‌మని. కొండ కూలినట్టు కూలాడు. ఈడ్చుకెళ్లి పెట్టెలో వేశారు. మేకులు కొట్టారు. గొలుసులతో గోతిలోకి దించారు. పొక్లెయిన్‌తో మట్టి పోశారు. దీపాలన్నీ ఆరిపోయాయి. చీకట్లో పొగమంచు లాంటిదేదో పాకింది. ఎక్కడో గంట, ఒక్కటే, నెమ్మదిగా మోగింది.

"ఒరే సంపతూ, ఏమైందిరా? లేస్తడా?" అంది అవ్వ.

నేను అప్పటికే సగం కలలో ఉన్నాను. ఆ పొగమంచులో నేను కూడా నడుస్తున్నాను. మన్ను కింద అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఆ దుఃఖం ఎంత తియ్యగా ఉందో మీకు చెప్పలేను. ఆ మత్తులోనే అనేశాను.

"అయిపోయిందవ్వా. పోయిండు."

"పోయిండంటే?"

"పోయిండంటే పోయిండే. ఇంగ్లీషుల గదే అంటున్నరు."

"అరె బేటా," అన్నాడు చిచ్చా మెల్లగా. "నాటకమై ఉంటది. వచ్చేవారం మల్ల తయారైతరు సూడు."

చూశారా, దేవుడు నాకు తప్పించుకునే దారి కూడా చూపించాడు. కానీ ఇంగ్లీషు చదివినవాడి మాటకు ఎదురా? నాకు రోషం పొడుచుకొచ్చింది.

"మేకులు కొట్టింది సూడలేదా చిచ్చా? మట్టి వోసింది సూడలేదా? మట్టి వోసినంక మనిషి లేస్తడా?"

అంతటితో ఆగానా! సెల్లు తీసి వెతికాను. ఎవరో మహానుభావుడు అప్పుడే వీడియో చేసి పెట్టాడు. ఎలుగోడి ఫోటోకు దండ, అటూ ఇటూ దీపాలు, వెనక సన్నాయి ఏడుపు, ఎర్ర అక్షరాలతో "ఇక లేరు". ఆ వీడియో కొసదాకా చూడలేదు, నెట్టు అయిపోయింది. నాకు అంత చాలు. సెల్లు అవ్వ కళ్ల ముందు పెట్టాను.

అవ్వ ఏడవలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. టీవీ బందు చేయమంది. చిచ్చా దండ వేసిన ఫోటో చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

"పొయ్యి అంటియ్యకురా," అంది అవ్వ. "పిట్ట ముట్టిందాక నేను మెతుకు ముట్ట."

మా దగ్గర ఎవరైనా పోతే మూడోనాడు వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి కోసం చూస్తారు. దాన్నే పిట్టకు పెట్టుడు అంటాం. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకొచ్చి, నీ బిడ్డను మేం చూసుకుంటం, నీ పొలం అమ్మం, అని మాటిస్తూ పోతారు. ఏ మాటకు కాకి దిగుతుందో అదే ఆ కోరిక. అప్పటిదాకా అయినవాళ్లు అన్నం ముట్టరు.

ఇదంతా నాకు తెలుసు. మూడోనాడంటే మంగళవారం అని కూడా తెలుసు. అప్పుడు గుర్తుకొచ్చాయి అమ్మ మాటలు. తిండి, గోలీ, కూలబడుడు. నా తియ్యటి దుఃఖం ఒక్క దెబ్బకు దిగిపోయింది.

"అవ్వా, జర తిని పండుకోవే. నీకు షుగరుంది."

"కొడుకు మన్నుల పండుకుంటే నేను బువ్వ తిననా?"

"నీ కొడుకు కాటారం పోయిండే!"

"గాడు పెద్దోడు. గీడు చిన్నోడు."

ఇక లాభం లేదని నా సోషల్ చదువునంతా బయటికి తీశాను. "అవ్వా, అమెరిక మనకంటె ఎన్కకుంటది. ఆడ శుక్రారం జరిగింది మనకు ఐతారం చూపిస్తరు. ఆయన పోయి ఇప్పటికే దినాలు గడిచినయి. లెక్కవెట్టు, మూడొద్దులు ఎన్నడో అయినయి. రేపు పొద్దుగాల్నే పిట్టకు పెట్టాలె."

అవ్వ వేళ్ల మీద లెక్క వేసుకుని, "గట్లనా? అయ్యో, దినం తప్పేటట్టున్నది" అంది. నా చదువు ఒక మనిషికి ఉపయోగపడింది అప్పుడే. అదే ఆఖరు కూడా అనుకుంటాను.

ఆ పూటకు చక్కెర లేని చాయ్ మాత్రం తాగి పడుకుంది. గోలీ చూపిస్తే ముఖం తిప్పుకుంది.

సోమవారం పొద్దున్నే వంట. అవ్వ పీట వేసుకుని కూర్చుని చెబుతుంటే నేను చేశాను. ఎలుగోడికి ఏమిష్టమో ఎవరికి తెలుసు? కోడికూర వండాం. గుడ్లు ఉడకబెట్టాం. గారెలు కాల్చాం. అటక మీద గంగారం నుంచి తెచ్చిన అడవి తేనె ఉంటే అది గిన్నెడు పోశాం. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. దాని మధ్యలో అవ్వ ఖాళీ కడుపుతో కూర్చుని, "ఉప్పు సరిపోయిందో లేదో, పోయినోనికి పెట్టేది మనం రుసి సూడొద్దు" అంటోంది.

దాబా మీద ఎండబోసిన మిరపకాయలను ఓ పక్కకు జరిపి విస్తరి పరిచాను. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చిన అరచేతంత కార్డు మీద ఎలుగోడి బొమ్మ ఉంటే, దానికి పసుపు కుంకుమ పెట్టి గోడకు ఆనించాను. గారెల వాసనకు వాడలోని ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చారు.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"మా అవ్వకు కొడుకు వరుస."

"ఎక్కడ?"

"అమెరికల."

"అయ్యో! మీకు అమెరికల సుట్టాలున్నరని ఎన్నడు జెప్పకపోతిరి!" అంటూ కొంగులు కళ్లకద్దుకున్నారు. ఒకామె కార్డు మీది బొమ్మను వంగి చూసి, "పాపం, చెడ్డీ మీదనే పోయినట్టున్నడు" అని నిజంగానే ఏడ్చింది.

అంతా బాగానే ఉంది, కాకి లేదు. ఇదివరకు కొంగు విదిలిస్తే నాలుగు వాలేవి. ఇప్పుడు ఘనపురం కాకులన్నీ బస్టాండు పక్క చికెన్ సెంటరు దగ్గర ఉద్యోగాల్లో చేరాయి. విస్తరి తీసుకెళ్లి అక్కడే పెడదామన్నాను. అవ్వ నన్ను చూసిన చూపుకు విస్తరి అంచులు సర్దుతూ కూర్చున్నాను.

ఎండ మెల్లగా ఎక్కుతోంది. మిరప ఘాటు గాలిలో తేలుతోంది. కావుకావుమని పిలిచి పిలిచి నా గొంతు పోయింది. కూర్చున్నచోటే మళ్లీ నా జబ్బు నన్ను ఎత్తుకుపోయింది. ఎలుగోడి ఆత్మ అమెరికా నుంచి బయలుదేరింది. సముద్రాలు దాటి హనుమకొండ బస్టాండులో దిగింది. తేనె సీసా చంకలో పెట్టుకుని, ఒళ్లంతా వెంట్రుకలతో, ఎవరికీ తగలకుండా ఒదిగి నిలబడి, "ఘనపురం" అని టికెట్ అడుగుతోంది. "ఏ ఘనపురమన్నా? స్టేషన్ ఘనపురమా, ములుగు ఘనపురమా?" అంటున్నాడు కండక్టరు. ఆత్మ తెల్లబోయింది. పాపం దానికేం తెలుసు! జనగామ రూటులో తప్పు ఘనపురంలో దిగి, అక్కడ ఏ దాబా మీద మన విస్తరి ఉందో అని ఇల్లిల్లూ వెతుక్కుంటోంది. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి.

"ఏడ్సుడు తర్వాతరా, మాటియ్యి," అని అవ్వ నన్ను పొడిచింది.

అందరూ మాటలివ్వడం మొదలుపెట్టారు. "నీ పిల్లల్ని మంచిగ సూసుకుంటం బిడ్డా," అంది అవ్వ. కాకి రాలేదు. "నీ తల్లిని కండ్లల్ల పెట్టుకుంటం," అంది ఒకామె, అమెరికాకు బస్సు ఎక్కడ దొరుకుతుందో తెలియకపోయినా. రాలేదు. "అన్నా, నీ చెడ్డీ కుట్టిస్తం," అన్నాను నేను. రాలేదు.

అవ్వ గోడకు ఆనించిన కార్డు వైపు తిరిగింది.

"నాకెరుకైందిరా," అంది. "గంటోడు పెద్దోడా నేను పెద్దోన్నా అన్నది తేలకముందే పోయిండు. గదే మిగిలింది. గది తేల్చేటోడు పక్కింట్ల ఉన్నడు. పిలువు."

ఆ మాటంటూ ఆమె చెయ్యి చాపింది. వేళ్లు వణుకుతున్నాయి. నుదురంతా చెమట. "కొంచెం తేనె నాకవే అవ్వా, నీ కాళ్లు మొక్కుత" అన్నాను. పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. నాకు భయమేసింది. కలలూ లేవు, గిలలూ లేవు. మా అవ్వ నా కళ్లముందే పడిపోతుంది, అదీ నా తెలివి వల్ల. మెట్లు ఎట్లా దిగానో తెలియదు.

చిచ్చా మిషను మీద ఏదో బడి చొక్కా కుడుతున్నాడు.

"చిచ్చా, జర పైకి రా. ఒక్క మాట జెప్పాలె."

"ఏం మాట?"

"ఎలుగోడే పెద్దోడని."

మిషను ఆగిపోయింది. "బేటా, నా పానం అడుగు. నా మిషను అడుగు, ఇప్పుడే ఎత్తుకపో. గిది మాత్రం అడుగకు. ఇన్నేండ్ల సంది గంటా సాబ్ దిక్కు నిలవడ్డ. సచ్చినోని ముంగట అబద్ధమాడాల్నా?"

"అవ్వ నిన్న పగటాల్ల సంది తినలే చిచ్చా. గోలీ ఎయ్యలే. చేతులు వణుకుతున్నయి."

చిచ్చా సూది గుడ్డలోనే వదిలేసి లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. నాకంటే ముందు మెట్లెక్కాడు.

పైకొచ్చి అవ్వను చూశాడు. నెత్తిమీద టోపీ సర్దుకున్నాడు. ఆకాశం వైపు తిరిగి చిన్నగా దగ్గాడు.

"ఎలుగు భాయ్... నువ్వు గూడ మంచిగనే కొట్లాడినవు."

ఆకాశం ఖాళీ.

"గూడ ఏందిరా, గూడ?" అంది అవ్వ, ఆ నీరసంలోనే.

"సరే అక్కా, సరే. ఎలుగు భాయ్, నువ్వు పెద్దోనివే. బెల్టులు జర తక్కువ గని..."

ఎక్కడినుంచి వచ్చిందో ఒక కాకి పక్కింటి డిష్షు మీద వాలింది. అది విస్తరిని చూసింది, చిచ్చాను చూసింది, రెక్కలు దులుపుకుని ఎగిరిపోయింది.

"సూసినవా! బెల్టుల మాట ఎత్తంగనే పోయింది!" అంది అవ్వ. ఆ మాటతోనే ఆమె తల గోడకు వాలిపోయింది.

చిచ్చా ఆమె వైపు చూశాడు. ఎండిపోయిన ఆ పెదాలను చూశాడు. మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని, ఈసారి గట్టిగా, వాడంతా వినిపించేట్టు చెప్పాడు.

"ఎలుగు భాయ్, ఇను. నువ్వే పెద్దోనివి. బెల్టులు పోనీ, కోటు పోనీ. కిందవడ్డోన్ని లేపబోయి పానం ఇచ్చినవు నువ్వు. గంటా సాబ్ నీ కాలిగోటికి సరిపోడు. మా అమ్మీ మీద ఒట్టు, నేను బతికున్నంతకాలం గిదే మాట మీద ఉంట. ఎవరడిగినా గిదే జెప్త. ఇగ మా అక్కను తిననియ్యి."

కాకి దిగింది. ఒకటి కాదు, గుంపు. సోమవారం గిరాకీ లేక చికెన్ సెంటరు షట్టరు పెందలాడే దించారని తర్వాత ఎవరో చెప్పారు. నేను విననట్టే ఉన్నాను. ఒక కాకి తేనెలో ముక్కు ముంచి, తల ఎత్తి, మా అందరినీ ఒకసారి చూసి, గుడ్డు ఎత్తుకుని తూర్పువైపు ఎగిరిపోయింది. ఆ ఎండలో, ఆ మిరపకాయల ఎరుపులో, అంతా ఏదో నిద్రలో జరిగినట్టుంది. అవ్వ బోరున ఏడ్చింది. చిచ్చా ఏడ్చాడు. నేనైతే చెప్పనే వద్దు. ఆ తర్వాత చిచ్చాయే అన్నం కలిపి, ముద్దలు చేసి ఆమె చేతికిచ్చాడు. అవ్వ తిన్నది. గోలీ వేసుకుంది. సాయంత్రానికి నన్ను తిట్టేంత ఓపిక వచ్చింది. ఇక నాకు భయం లేదు.

ఆ శనివారం బాపు, అమ్మ తిరిగొచ్చారు. అక్కకు ఆడపిల్ల. అవ్వ నిండుగా ఉంది. జరిగింది వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర లేకుండానే గడిచిపోయేది, మరునాడే ఆదివారం కాకుండా ఉంటే.

మధ్యాహ్నం చిచ్చా ఊరికే వచ్చి కూర్చున్నాడు. ఎలుగోడు లేని కుస్తీ చూడాలని ఎవరికీ లేదు. అలవాటు చొప్పున టీవీ పెట్టాం. గంటోడు ఆ మట్టికుప్ప మీద నిలబడి, చేతులు చాపి, గర్వంగా గంట వాయిస్తున్నాడు. దీపాలు టపటపా కొట్టుకున్నాయి. మట్టి కదిలింది. ఒక చెయ్యి పైకొచ్చింది. వెంట్రుకల చెయ్యి. దాని వెనక భుజం, తల, ఊడిన కుట్టుతో సహా చెడ్డీ. ఎలుగోడు నిలువెత్తున లేచి నిలబడి, గటగటా తేనె తాగాడు.

అవ్వ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"ఏందే అవ్వా, మీవోడు లేచొస్తే సప్పుడు చేస్తలేవు?" అన్నాడు బాపు.

అవ్వ టీవీని వదిలి నా వైపు తిరిగింది. "ఒరే సంపతూ. మట్టి వోసిండ్రా, లేదా?"

"వోసిండ్రవ్వా."

"పిట్ట ముట్టిందా, లేదా?"

"ముట్టిందవ్వా."

"మరి గీడెవడు?"

నా ఇంగ్లీషు, నా సోషలు, మానుకోట కాలేజీ మొత్తం కలిసి వెతికినా జవాబు దొరకలేదు. అవ్వే తేల్చింది.

"నా కొడుకు పోయిండు. నేనే సాగదోలిన. పిట్ట ముట్టినంక ఎవరన్న ఎన్కకు వస్తరా? గిది దయ్యం. నా కొడుకు తోలు కప్పుకొని వచ్చింది. పాపం, గా గంట పిలగాడు ఒక్కడే దయ్యంతోని కొట్లాడుతుండు. కొట్టు బిడ్డా! గంట కొట్టు! ఎన్కకెల్లి కొట్టు!"

"అక్కా! గిదేంది!" చిచ్చా లేచి నిలబడ్డాడు. టీవీలో తన గంటా సాబ్‌ను చూశాడు. ఆ కోటును, ఆ జరీని, అత్తవారింటికి పోతున్న బిడ్డను చూసినట్టు చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. "నేను అమ్మీ మీద ఒట్టేసిన. బతికున్నంతకాలం ఎలుగు భాయే పెద్దోడు."

"చెడ్డీ కుట్టు ఊడినోడా? బెల్టులున్నయా వానికి?"

"బెల్టులు సంతల దొరుకుతయి అక్కా! మనిషి మంచోడు గావాలె!"

"ఆ కోటు సూడరా, ఎంత సక్కగున్నదో!"

"పిట్ట ముట్టుడేంది? ఒట్టేంది? ఏం జరిగిందిర ఈడ?" అని బాపు నా కాలరు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కర్మకొచ్చిన ఒకామె కిటికీలోంచి తొంగిచూసి, "నర్సవ్వా, మీ అమెరికా సుట్టం లేచిండట గద! గారెలు మల్ల ఎప్పుడు?" అని అడిగింది. ఆ తర్వాత జరిగింది మా కుటుంబ వ్యవహారం, మీకెందుకు?

ఆ ఇద్దరు మొనగాళ్లూ ఎప్పుడో కుస్తీ మానేశారు. వాళ్లలో ఎవరు గొప్ప అని సెల్లులో ఇప్పటికీ జనం కొట్టుకుంటారు. నేను జనగామ నుంచి సెలవుకు ఇంటికెళితే, అవ్వ గంటోడి బెల్టులు లెక్కబెడుతుంది, చిచ్చా ఎలుగోడి నీతి వర్ణిస్తాడు. ఇద్దరికీ తమ పాత మనిషి మీదే ప్రాణం. ఇద్దరూ మాట తప్పరు. చివరికి నా వైపు తిరిగి, "ఇంగ్లీషు సదివినోనివి, నువ్వు జెప్పురా" అంటారు.

నేను చెప్పను. పంచభూతాల సాక్షిగా, డిష్షు మీద వాలే సమస్త కాకుల సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ మల్లయోధుడు పెట్టెలోకి పోయినా, మేకులు కొట్టినా, పైన పొక్లెయిన్లతో మట్టి పోసినా, వాడు స్వయంగా మా ఘనపురం వచ్చి, మా గడపలో నిలబడి, "తమ్మీ, నేను నిజంగనే పోయిన" అని నోటితో చెబితే తప్ప, పోయాడని అననుగాక అనను.